డంజన్‌లో ట్యాంకింగ్: శత్రువుల్ని ఎక్కడ నిలబెట్టాలి, ఎటు తిప్పాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, తణుకు, అమలాపురం, కాకినాడ చుట్టుపక్కల నుంచి ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేములు ఆడేవాళ్ళు డంజన్‌లో (చిన్న జట్టుగా దిగి శత్రువుల్ని కొట్టుకుంటూ పోయే చోటు) ట్యాంక్ (శత్రువుల్ని తన మీదికి లాక్కునే ఆటగాడు) గురించి మళ్ళీమళ్ళీ అడిగే ప్రశ్నలకు జవాబులివి. ఉదాహరణలు ఎక్కువగా వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, ఫైనల్ ఫాంటసీ 14, ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ నుంచి తీసుకున్నాం. ప్యాచ్ (గేమ్‌లో మార్పుల విడుదల) వచ్చినప్పుడల్లా అంకెలు అటూఇటూ అవుతుంటాయి కాబట్టి మీ గేమ్‌లో ఆ స్కిల్ మీద మౌస్ పెట్టి ఒకసారి సరిచూసుకోండి.

ట్యాంక్ అంటే దెబ్బలు కాసేవాడేగా? అంతకు మించి ఏముంటుంది?

దెబ్బలు కాయడం సగం పని. అదీ తేలికైన సగం, గేర్ (కవచం, ఆయుధాలు) బాగుంటే చాలావరకు దానంతటదే జరిగిపోతుంది. రెండో సగం శత్రువులు ఎక్కడ నిలబడాలో, ఎటు చూడాలో తేల్చడం. పది మాబ్స్ (కంప్యూటర్ ఆడించే శత్రువులు) ఒకేచోట మూగితే డీపీఎస్ వాళ్ళు (కొట్టి చంపడమే పనిగా ఉన్న ఆటగాళ్ళు) వేసే ఏరియా దెబ్బ పదింటికీ తగులుతుంది. అవే మూడు చోట్ల చెదిరితే అదే దెబ్బ మూడు నాలుగింటికి తగిలి ఊరుకుంటుంది. పోరు సాగుతుంది, హీలర్ (జట్టు ప్రాణం నింపే ఆటగాడు) మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) అడుగంటుతుంది, చివరికి మీరు పడిపోతారు. చూసినవాళ్ళు ట్యాంక్ గేర్ చాల్లేదంటారు గానీ తేడా కొట్టింది నిలబెట్టిన చోట.

చేపల చెరువులో మేత సంచి కట్టిన కర్ర దగ్గరికి చేపలు మూగినట్టు మాబ్స్ మీ చుట్టూ మూగుతాయి. ఆ కర్రని నిమిషానికోసారి పీకి ఇంకోచోట పాతితే ఏ చేపా కుదురుగా మేయదు. చోటు ముందే ఎంచుకోండి, అక్కడికి వెళ్ళాక కదలకండి.

పార్టీలో ఎవరెవరుంటారు?

వార్‌క్రాఫ్ట్ డంజన్‌లో ఐదుగురు: ఒక ట్యాంక్, ఒక హీలర్, ముగ్గురు డీపీఎస్. ఫైనల్ ఫాంటసీలోనూ ఎల్డర్ స్క్రోల్స్‌లోనూ నలుగురు, అక్కడ డీపీఎస్ ఇద్దరే. ఎందులోనైనా ట్యాంక్ ఒక్కడే కాబట్టి పార్టీ కోసం క్యూలో మీ వంతు త్వరగా వస్తుంది. తిట్లూ అంతే త్వరగా వస్తాయి.

త్రెట్ అంటే ఏమిటి? అగ్రో ఎందుకు జారిపోతోంది?

ప్రతి మాబ్ దగ్గరా ఒక పట్టిక ఉంటుంది. తనను ఎవరు ఎంత రెచ్చగొట్టారో అందులో రాసుకుంటుంది. ఆ లెక్క త్రెట్. లెక్క ఎవరిది పెద్దదైతే వాళ్ళ మీదికి వెళ్తుంది, దాన్నే అగ్రో అంటున్నాం. మీరు కొట్టే ప్రతి దెబ్బా త్రెట్ పెంచుతుంది. ట్యాంక్ స్టాన్స్‌లో (త్రెట్ పెంచడానికి ఆన్ చేసుకునే స్కిల్) ఉంటే అదే దెబ్బకు ఎన్నో రెట్లు పడుతుంది. ఫైనల్ ఫాంటసీ ట్యాంక్ పాత్రల్లో ఆ స్టాన్స్ పేరు పాలడిన్‌కి ఐరన్ విల్, వారియర్‌కి డిఫయన్స్, డార్క్ నైట్‌కి గ్రిట్, గన్‌బ్రేకర్‌కి రాయల్ గార్డ్. ఇవి వేసుకోకుండా దిగితే ఎంత బాగా ఆడినా మాబ్స్ డీపీఎస్ వెంట పోతాయి. అగ్రో నిలవడం లేదని ఎవరైనా అంటే మేం మొదట అడిగేది ఇదే: స్టాన్స్ ఐకాన్ వెలుగుతోందా?

వార్‌క్రాఫ్ట్‌లో ఇంకో మెలిక ఉంది. మీకంటే ఒక్క పాయింట్ ఎక్కువైనంత మాత్రాన మాబ్ మారిపోదు. దగ్గర నుంచి కొట్టేవాళ్ళు మీ త్రెట్‌లో 110 శాతం దాటాలి, దూరం నుంచి కొట్టేవాళ్ళు 130 శాతం దాటాలి. మీది 1,000 ఉంటే రోగ్ (దగ్గర నుంచి పొడిచే పాత్ర) 1,100 దాటగానే మాబ్ అతని మీదికి తిరుగుతుంది, దూరంగా నిలబడ్డ మేజ్‌కి (మంత్రాలేసే పాత్ర) 1,300 దాకా వెసులుబాటు ఉంటుంది. ఆ మేజే తొందరపడి దగ్గరికొచ్చి నిలబడితే ఆ వెసులుబాటు పోతుంది.

ఇక హీలర్ సంగతి. వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లో (ఆ గేమ్ పాత రూపం) ఒక పాయింట్ హీల్‌కి అర పాయింట్ త్రెట్ పుడుతుంది, అది పోరులో ఉన్న మాబ్స్ అన్నిటికీ సమంగా పంచబడుతుంది. వినడానికి చిన్న మొత్తమే. కానీ మీరింకా తాకని మాబ్ పట్టికలో మీ పేరు పక్కన దాదాపు ఏమీ ఉండదు, అక్కడ ఆ చిన్న మొత్తమే పెద్దది. పదింటిలో తొమ్మిదిని కొట్టి ఒకదాన్ని వదిలేస్తే ఆ ఒక్కటి నేరుగా హీలర్ దగ్గరికి నడుచుకుంటూ పోతుంది. అందుకని మొదటి రెండు మూడు సెకన్లలో ప్రతి మాబ్‌కీ కనీసం ఒక్క ఏరియా దెబ్బ తగలాలి. ఒకదాన్నే గట్టిగా కొట్టడం ఆ తర్వాత.

ఎల్డర్ స్క్రోల్స్‌లోనూ ఇదే లెక్కా?

కాదు. అక్కడ టాంట్ (శత్రువుని బలవంతంగా మీవైపు తిప్పే స్కిల్) మీద నడుస్తుంది వ్యవహారం. కత్తి-డాలు వరసలోని పంక్చర్ గానీ, అన్‌డాంటెడ్ గిల్డ్ నుంచి వచ్చే ఇన్నర్ ఫైర్ గానీ తగిలితే ఆ శత్రువు 15 సెకన్లపాటు మీ మీదే ఉంటుంది. గడువు తీరేలోగా మళ్ళీ వెయ్యాలి. చిన్నాచితకా మాబ్స్ అన్నిటికీ టాంట్ వేస్తూ కూర్చుంటే ఉన్న శక్తి అంతా కరిగిపోతుంది. బాస్‌కీ (డంజన్‌లోని ముఖ్య శత్రువు), గట్టి దెబ్బ కొట్టే పెద్దవాటికీ వేసి, మిగతావాటిని గొలుసుతో లాగి ఒకచోట పడేస్తే డీపీఎస్ కాల్చేస్తారు. డ్రాగన్‌నైట్‌కి అన్‌రిలెంటింగ్ గ్రిప్, మిగతావాళ్ళకి ఫైటర్స్ గిల్డ్‌లోని సిల్వర్ లీష్ అందుకు పనికొస్తాయి.

అక్కడ ఇంకో జాగ్రత్త: డాలు ఎత్తి ఉన్నంతసేపూ స్టామినా తిరిగి నిండదు. కొత్తవాళ్ళు మొదటి నుంచి చివరిదాకా డాలు పట్టుకునే ఉంటారు, సరిగ్గా పెద్ద దెబ్బ వచ్చేసరికి స్టామినా సున్నా. చిన్న దెబ్బలకు డాలు దించండి, బాస్ చెయ్యెత్తినప్పుడు ఎత్తండి.

టాంట్ ఎప్పుడు వాడాలి?

ప్యాక్ (ఒకచోట ఉండే మాబ్స్ గుంపు) మీద పోరు మొదలుపెట్టడానికి వాడకండి. అది జారిపోయిన మాబ్‌ని వెనక్కి తెచ్చుకునే తాడు. వార్‌క్రాఫ్ట్‌లో ఎక్కువ టాంట్లు 30 గజాల దూరం నుంచి తగులుతాయి, మళ్ళీ వాడటానికి 8 సెకన్లు పడుతుంది. తగలగానే మీ త్రెట్ అందరికంటే పైనున్నవాళ్ళ స్థాయికి ఎగబాకుతుంది, మాబ్ ఓ 3 సెకన్లు మీవైపే ఉంటుంది. ఆ 3 సెకన్లలో గట్టి దెబ్బ ఒకటి పడాలి. టాంట్ వేసి చేతులు కట్టుకుంటే మళ్ళీ జారిపోవడం ఖాయం. ఫైనల్ ఫాంటసీలో ప్రొవోక్‌కి 30 సెకన్లు ఆగాలి, కాబట్టి అక్కడ ఇంకా పొదుపు.

మాబ్ మీ పక్కనే ఉన్న రోగ్ మీదికి తిరిగితే పెద్ద తొందరేం లేదు, ఎలాగూ మీ ఏరియా దెబ్బల్లోనే ఉంది. హీలర్ వైపు పరుగెత్తేదానికి టాంట్ దాచుకోండి.

కొన్ని మాబ్స్ ఎంత టాంట్ వేసినా రావు. ఫిక్సేట్ అనే గుర్తుతో ఒకరిని ఎంచుకుని వెంటపడతాయి, వాటికి పట్టికతో పనిలేదు. వాటిని తరుముతూ మీరు చోటు వదిలితే మిగతావన్నీ చెదురుతాయి. ఎవరి వెంట పడుతోందో వాళ్ళనే మీ చుట్టూ తిరగమనండి.

బాస్‌ని ఎటు తిప్పాలి?

మీ జట్టుకి వీపు పెట్టించాలి. చాలా బాస్‌లకు ముందువైపు విసనకర్రలా పరుచుకునే దెబ్బ ఉంటుంది: క్లీవ్, నిప్పు ఊదడం, తోక ఉంటే వెనక ఇంకోటి. ముందు మీరు, పక్కనో వెనకో దగ్గరివాళ్ళు, దూరంగా హీలర్. ఇదే మామూలు అమరిక. తోక ఊపే డ్రాగన్ జాతికైతే వెనక కూడా ఖాళీ ఉంచి పక్క నుంచి కొట్టమనండి.

వెనక నిలబడటంలో ఇంకో లాభం ఉంది. వెనక నుంచి వచ్చే దెబ్బను బాస్ పారీ (ఆయుధంతో అడ్డుకోవడం) చేయలేదు, బ్లాక్ చేయలేదు. వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లోనైతే బాస్ ఎవరి దెబ్బ పారీ చేసినా దాని తర్వాతి దెబ్బ ముందుకు జరుగుతుంది, అది పడేది మీ నెత్తిన. ముందు నిలబడి కొట్టే డీపీఎస్ తెలియకుండానే ట్యాంక్‌ని కొట్టిస్తున్నట్టే. ఫైనల్ ఫాంటసీలో డ్రాగూన్, మాంక్, నింజా, సమురాయ్ లాంటివాళ్ళకు వెనక నుంచి, పక్క నుంచి కొడితేనే పూర్తి బలం వచ్చే దెబ్బలున్నాయి. మీరు బాస్‌ని గిర్రున తిప్పితే వాళ్ళ లెక్క చెడుతుంది.

తిప్పే పద్ధతి: దూరం నుంచి ఒక దెబ్బ వేసి అగ్రో తీసుకోండి. బాస్ మీవైపు వస్తుండగా దాని పక్కనుంచే దూసుకుని అవతలికి వెళ్ళి నిలబడండి. అది వెనుదిరిగి మిమ్మల్ని చూస్తుంది, మీ జట్టు దాని వీపు వెనక మిగిలిపోతుంది. ఇదంతా రెండు మూడు సెకన్ల పని, ఒక్కసారే చేయాలి. తర్వాత నేల మీద మంట వస్తే బాస్ చుట్టూ తిరగొద్దు, అడుగు పక్కకో వెనక్కో జరిగి మళ్ళీ అదే గీతలోకి రండి.

బాస్ మనల్ని విసిరికొట్టే రకమైతే?

వీపు గోడకి ఆనించి నిలబడండి. గోడ ఉంటే ఎగిరినా అక్కడే పడతారు. అంచు మీద, వంతెన మీద పోరైతే అంచు మీ వెనక ఉండకూడదు, లోపలివైపు వీపు పెట్టాలి. విసిరేసిన ప్రతిసారీ మీ త్రెట్ కొంత తగ్గించే బాస్‌లు కూడా ఉంటారు, వాళ్ళ దగ్గర టాంట్ చేతిలో ఉంచుకోండి. ఫైనల్ ఫాంటసీలో ఆర్మ్స్ లెంగ్త్ ముందే నొక్కితే చాలా విసురుళ్ళు పనిచేయవు.

వెనక్కి నడవొద్దంటారు, ఎందుకు?

నెమ్మది కాబట్టి. వార్‌క్రాఫ్ట్‌లో మామూలు పరుగు సెకనుకు 7 గజాలు, వెనకడుగు 4.5 గజాలు. వెనక్కి నడుస్తూ బాస్‌ని మంటలోంచి తీసేలోపు అందరూ కాలిపోతారు. పక్కకు కదిలే కీలు వాడి ఏటవాలుగా జరగండి. మౌస్‌తో తిరుగుతూ అలా కదిలితే పరుగు వేగం తగ్గదు, ముఖమూ శత్రువు వైపే ఉంటుంది.

పూర్తిగా వీపు చూపి పరుగెత్తడం ఇంకా ప్రమాదం. వీపు మీద పడే దెబ్బను మీరు పారీ చేయలేరు, డాలుతో ఆపలేరు. క్లాసిక్‌లో డేజ్ తగిలి నడక సగానికి పడిపోతుంది కూడా. ప్యాక్‌ని దూరం తీసుకెళ్ళాలంటే మొదట్లోనే, దెబ్బలు పడకముందే పరుగెత్తండి.

దూరం నుంచి మంత్రాలేసేవి దగ్గరికి రావడం లేదు. ఏం చేయాలి?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కత్తి పట్టినవి మీ వెంట వస్తాయి, మంత్రగాళ్ళు, విలుకాళ్ళు మాత్రం ఉన్నచోటే నిలబడి కొడతారు. మీరు గుంపు దగ్గర నిలబడితే వాళ్ళు దూరం, వాళ్ళ దగ్గరికి వెళ్తే గుంపు చెల్లాచెదురు.

దారి ఏమిటంటే వాళ్ళకు మీరు కనపడకుండా పోవడం. మంత్రం పడాలంటే చూపు తగలాలి. తగలకపోతే తగిలే చోటికి నడుచుకుంటూ వస్తారు. చేసే వరస ఇదీ:

1. ప్యాక్‌కి దగ్గర్లో ఒక మూల, స్తంభం, తలుపు గోడ చూసుకోండి. 20, 25 గజాల లోపు ఉంటే మంచిది.
2. జట్టుని ముందే ఆ గోడ వెనక నిలబెట్టండి. ఒక్క మేజ్ బయట నిలబడినా మంత్రగాళ్ళు అతన్ని చూసి ఆగిపోతారు, పథకం అక్కడికి సరి.
3. దూరం నుంచి ఒక దెబ్బ వేసి వెంటనే గోడ చాటుకి వెళ్ళండి. దారిలో ఆగి రెండో దెబ్బ వేయకండి.
4. మూలకి ఆనుకుని ఉండొద్దు, లోపలికి నాలుగైదు గజాలు వెళ్ళి నిలబడండి. ఆనుకుని ఉంటే మంత్రగాళ్ళు మూల తిరగకుండానే మీరు కనిపిస్తారు, అక్కడే ఆగిపోతారు.
5. ఆఖరి మంత్రగాడు మూల తిరిగి దగ్గరికొచ్చేదాకా డీపీఎస్ చేతులు కట్టుకోవాలి. అప్పుడు ఏరియా దెబ్బ.

విఫలమయ్యేది ఎక్కువగా అయిదో మెట్టులోనే. కత్తివాళ్ళు ముందు చేరతారు, వాళ్ళని చూడగానే ఎవరో ఒకరు ఆగలేక మొదలుపెడతారు, మీ త్రెట్ ఇంకా సరిగా పడలేదు కాబట్టి ప్యాక్ ఆయనగారి వెంట పోతుంది.

గోడ లేని మైదానంలోనైతే మంత్రాన్ని తెంచడమే మార్గం. పాలడిన్ అవెంజర్స్ షీల్డ్ తగిలిన మామూలు మంత్రగాడి నోరు కాసేపు మూతపడుతుంది, కాబట్టి నడిచి వస్తాడు. డెత్ నైట్ డెత్ గ్రిప్‌తో ఒకణ్ణి లాగేస్తాడు, గోర్‌ఫీండ్స్ గ్రాస్ప్‌తో చుట్టుపక్కలవాళ్ళందరినీ ఒకచోటికి తెస్తాడు. డీమన్ హంటర్‌కి సిగిల్ ఆఫ్ సైలెన్స్, సిగిల్ ఆఫ్ చెయిన్స్ ఉన్నాయి. ఏదీ లేకపోతే మంత్రగాడి దగ్గరే పోరు పెట్టండి, కత్తివాళ్ళు ఎలాగూ మీ వెంటే వస్తారు. చాలామందికి ఈ చివరి మాట తట్టదు.

మంత్రం తెంచే పని ట్యాంక్‌దా, డీపీఎస్‌దా?

అందరిదీ. వార్‌క్రాఫ్ట్‌లో ట్యాంకులందరికీ కిక్ (మంత్రాన్ని మధ్యలో తెంచే స్కిల్) ఉంది, సాధారణంగా 15 సెకన్లకొకసారి. ఇద్దరు ముగ్గురు ఒకే మంత్రం మీద కిక్కులు వృథా చేసి తర్వాతి మంత్రాన్ని వదిలేయడం మామూలే. కపాలం గుర్తు పెట్టినదాన్ని ఎవరు, ఎక్స్ గుర్తుదాన్ని ఎవరు అని ముందే పంచుకుంటే ఆ గొడవ ఉండదు. ఫైనల్ ఫాంటసీ ట్యాంక్‌కి ఇంటర్‌జెక్ట్ 30 సెకన్లకొకసారి వస్తుంది. క్యాస్ట్ బార్ (మంత్రం ఎంతవరకు వచ్చిందో చూపే పట్టీ) మెరుస్తూ కనిపించే మంత్రాలకే అది పనిచేస్తుంది, మిగతావాటి మీద నొక్కితే వృథా.

ఒకేసారి ఎన్ని ప్యాక్‌లు లాగొచ్చు?

ఫైనల్ ఫాంటసీ డంజన్లలో చాలాచోట్ల రెండు ప్యాక్‌ల తర్వాత అడ్డు ఉంటుంది, ఆ రెండూ చచ్చేదాకా తెరుచుకోదు. అందుకే అక్కడ అడ్డు దాకా ఒకే ఊపున లాగడం వాడుక. మొదటి ప్యాక్ తగలకముందే స్ప్రింట్ నొక్కండి, దాని మీద ఒక ఏరియా దెబ్బ వేసి ఆగకుండా రెండోదాని దగ్గరికి పోండి, అడ్డు ముందు నిలబడండి. హీలర్ మీ వెంట వస్తున్నారో లేదో ఓసారి చూసుకోవాలి. వాళ్ళు వెనకబడితే హీల్ అందని దూరంలో మీరు ఒంటరి.

ముందు ఒక ప్యాక్‌తో మొదలుపెట్టి హీలర్‌ని గమనించండి. మీ ప్రాణం సగానికి తగ్గకుండా, హీలర్‌కి కొట్టడానికి కూడా తీరిక దొరుకుతుంటే రెండు చేయొచ్చు. వార్‌క్రాఫ్ట్ మిథిక్ ప్లస్‌లో (గడువు పెట్టి ఆడే కష్టమైన డంజన్లు) లెక్క వేరు. అక్కడ గడియారంతో పాటు చంపాల్సిన మాబ్స్ శాతం కూడా ఉంటుంది, కాబట్టి ఎక్కడ పెద్ద పుల్ (ఒకేసారి లాగే గుంపు), ఎక్కడ చిన్నది అన్నది డంజన్ మొదలయ్యే ముందే దారి గీసుకుని తేల్చుకోవాలి.

కూల్‌డౌన్లు ఏ వరసలో వాడాలి?

కూల్‌డౌన్ అంటే పడే దెబ్బను కాసేపు తగ్గించే స్కిల్, ఒకసారి వాడితే మళ్ళీ రావడానికి ఆగాలి. వాటిని ఒక్కొక్కటిగా, పోరు మొదట్లోనే వాడాలి. పెద్ద పుల్‌లో మాబ్స్ అన్నీ బతికున్న మొదటి 15 సెకన్లే అన్నిటికంటే ప్రమాదం. చాలామంది ప్రాణం 20 శాతానికి పడ్డాక పెద్ద కూల్‌డౌన్ నొక్కుతారు, అప్పటికి హీలర్ తన తురుపుముక్కలన్నీ వాడేసి ఉంటారు.

రెండు కలిపి వాడితే శాతాలు కూడవు. 20 శాతం తగ్గించేదీ 10 శాతం తగ్గించేదీ కలిస్తే 30 అనుకుంటారు, నిజానికి 0.8ని 0.9తో గుణిస్తే 0.72, అంటే తగ్గేది 28 శాతం. 20, 30 కలిస్తే 44 శాతమే. నష్టం చిన్నదే, కానీ రెండూ ఒకేసారి అయిపోతే తర్వాతి 15, 20 సెకన్లు మీరు ఒట్టి ఒంటితో నిలబడాలి.

ఫైనల్ ఫాంటసీ పెద్ద పుల్‌కి నమూనా వరస: అడ్డు దగ్గర ఆగగానే రాంపార్ట్ (20 శాతం, 20 సెకన్లు, మళ్ళీ 90 సెకన్లకి). అది అయిపోవస్తుంటే మీ జాబ్ (పాత్ర రకం) పెద్ద కూల్‌డౌన్. ఆ రెంటి మధ్య రిప్రైజల్ (చుట్టూ ఉన్నవాటి దెబ్బ 10 శాతం తగ్గుతుంది, 60 సెకన్లకొకసారి). ఆర్మ్స్ లెంగ్త్‌ని విసురుళ్ళకే దాచుకునేవాళ్ళు ఎక్కువ గానీ, మామూలు మాబ్స్ మిమ్మల్ని కొడితే 20 శాతం నెమ్మదిస్తాయి, పెద్ద పుల్‌లో అది పూర్తి స్థాయి కూల్‌డౌనే. రిప్రైజల్ దగ్గరున్నవాటికే తగులుతుంది కాబట్టి గుమిగూడాక నొక్కాలి. మళ్ళీ వచ్చి చోటు మీదే ఆగింది విషయం.

నేల మీద గుర్తులోంచి బయటికొచ్చినా దెబ్బ తగులుతోంది. గేమ్ తప్పా?

మీ కంటికి కనిపించేది మీ కంప్యూటర్ బొమ్మ, తీర్పు సర్వర్‌ది. ఫైనల్ ఫాంటసీలో క్యాస్ట్ బార్ నిండి, దెబ్బ పడే చోటు చూపే నారింజ గుర్తు మాయమయ్యే క్షణంలో మీరెక్కడున్నారో సర్వర్ చూస్తుంది. ఆ తర్వాత పేలుడు కనిపించేసరికి తీర్పు అయిపోయింది. గుర్తు ఉండగానే బయటపడాలి, పేలుడు కనిపించేటప్పుడు మళ్ళీ లోపలికి నడిచినా ఏం కాదు.

మన దగ్గర నుంచి ఆడేటప్పుడు దూరం కూడా కలుస్తుంది. ఫైనల్ ఫాంటసీకి భారత్‌లో డేటా సెంటర్ లేదు. జపాన్‌వి, 2022 జనవరిలో తెరిచిన ఓషియానియా మటేరియా, యూరప్, అమెరికా, వీటిలోంచి ఎంచుకోవాలి. ఏది మేలన్నది మీ నెట్ కంపెనీ దారిని బట్టి ఒకే ఊళ్ళో కూడా మారుతుంది. పాత్ర తయారు చేసే ముందు సాయంత్రం రద్దీ వేళ పరీక్షించండి. వార్‌క్రాఫ్ట్‌లో మెనూ బటన్ మీద మౌస్ పెడితే హోమ్, వరల్డ్ అని రెండు పింగ్ అంకెలొస్తాయి (పింగ్ అంటే సర్వర్‌కి వెళ్ళి వచ్చే సమయం). పోరుకి సంబంధించింది వరల్డ్. పింగ్ ఎక్కువైతే అర సెకను ముందుగా కదలడం అలవాటు చేసుకోండి. బాస్ కూడా మీ తెరమీద కనిపించే చోటికి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి తిప్పాక ఒక క్షణం ఆగి చూడాలి.

మధ్యలో కరెంటు పోతే?

ట్యాంక్ పోతే పార్టీ మొత్తం పడుతుంది, కాబట్టి మిగతావాళ్ళకంటే మీకే ఇది ముఖ్యం. గాలివానలో కోనసీమ ఊళ్ళలో కొబ్బరి మట్ట తీగ మీద పడితే చాలు. కంప్యూటర్‌కి యూపీఎస్ ఉన్నా రౌటర్‌ని మరిచిపోతారు. రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదివి (ఎక్కువగా 12 వోల్టులు ఉంటాయి) దానికి సరిపడే చిన్న యూపీఎస్ పెట్టండి. ఫైబర్ పెట్టె వేరుగా ఉంటే దానికీ కావాలి. ఇన్ని చేసినా కేబుల్ ఆపరేటర్ దగ్గర కరెంటు లేకపోతే నెట్ రాదు, అప్పటికి ఫోన్ హాట్‌స్పాట్ దిక్కు. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున మిథిక్ ప్లస్ మొదలుపెట్టకండి, ఇంకో నలుగురి సాయంత్రం అది.

గస్తీ తిరిగే మాబ్స్ వచ్చి పడుతున్నాయి. ఎలా?

ఒక్క చుట్టు తిరిగేదాకా ఆగి చూడండి. రెండు దారులు: గస్తీ దూరం వెళ్ళాక ఉన్న ప్యాక్‌ని వెనక్కి లాక్కొచ్చి కొట్టడం, లేదా గస్తీనే ముందు విడిగా లాగి చంపడం. రెండోదే మాకు ఇష్టం. పోరు మధ్యలో వచ్చి పడితే ఒక ఏరియా దెబ్బ వేసి కలిపేసుకుని కూల్‌డౌన్ నొక్కండి. దాని వైపు నడిచి ఎదురెళ్తే ఇంకో ప్యాక్ లేస్తుంది.

నేను కొట్టకముందే డీపీఎస్ మొదలుపెట్టేస్తున్నారు. ఏం చేయాలి?

రెండో మూడో సెకన్లు ఆగమని ఒకసారి మర్యాదగా చెప్పండి. వినకపోతే వాళ్ళు లాగిన మాబ్‌ని తరమకండి. మీ గుంపు మీ దగ్గరే ఉంచుకుని టాంట్ వేయండి, వాళ్ళనే మీ దగ్గరికి పరుగెత్తి రమ్మనండి. అగ్రో ఉన్నవాడు ట్యాంక్‌కి దూరంగా పారిపోవడం అన్ని గేముల్లోనూ కనిపించే జబ్బు. మాబ్‌ని మీ కాళ్ళ దగ్గరికి తెస్తే ఏరియా దెబ్బకి అదే మీదైపోతుంది. హీలర్లకూ ఇదే మాట.

తెలుగు జట్టులో వాయిస్ మీద ఏమని అరవాలి?

ఒకటి రెండు మాటలకు మించొద్దు: "ఆగు", "గోడ చాటు", "కొట్టు", "కిక్", "నా దగ్గరికి". పెద్దవాళ్ళు, కొత్త పరిచయాలు ఉన్న పార్టీలో పోరు నడుస్తున్నంతసేపూ "అండి" తగిలించక్కర్లేదని ముందే అనుకోండి. లేకపోతే "కొంచెం ఆ మంత్రగాణ్ణి ఆపుతారాండి" అనేలోపు మంత్రం పడిపోతుంది. పోరయ్యాక బాబాయ్‌గారికి మర్యాద మామూలే. కుడి, ఎడమ అనొద్దు. ఎవరి కెమెరా వాళ్ళది, మీ కుడి హీలర్‌కి ఎడమ. "మెట్ల వైపు", "తలుపు వైపు" అనండి, లేదా నేల మీద గుర్తు పెట్టి దాని పేరు చెప్పండి.

తెరమీద ఏవి మార్చుకోవాలి?

కెమెరా వీలైనంత వెనక్కి. నేమ్‌ప్లేట్లు (మాబ్ నెత్తి మీది పేరు పట్టీలు) ఎప్పుడూ కనిపించేలా పెట్టి, త్రెట్ మీది కానప్పుడు రంగు మారే అమరిక ఆన్ చేయండి. ఫైనల్ ఫాంటసీ శత్రువుల జాబితాలో ఎర్ర చదరం ఉంటే అది మీ మీద ఉన్నట్టు. చదరం లేని పేరు కనిపిస్తే దాన్ని క్లిక్ చేసి ప్రొవోక్. వార్‌క్రాఫ్ట్‌లో టాంట్‌కి మౌస్‌ఓవర్ మ్యాక్రో (మౌస్ కింద ఉన్నదానికే స్కిల్ వేసే చిన్న ఆదేశం) రాసుకుంటే టార్గెట్ మార్చకుండానే జారిన మాబ్‌కి వేయొచ్చు. టాంట్, కిక్, పెద్ద కూల్‌డౌన్, ఈ మూడూ వేలు సాచకుండా అందాలి.

ఇరవై నాలుగు మందితో వెళ్ళే రైడ్‌లో ముగ్గురు ట్యాంకులుంటే?

ఫైనల్ ఫాంటసీ అలయన్స్ రైడ్‌లో మూడు జట్లు, జట్టుకొక ట్యాంక్. బాస్‌ని ఒకరు పట్టుకుంటే చాలు. పోటీపడి ప్రొవోక్ వేసుకుంటే బాస్ గిర్రున తిరిగి ముందువైపు దెబ్బ జనం మీద పడుతుంది. మిగతా ఇద్దరు స్టాన్స్ ఉంచుకోవచ్చు గానీ బాస్ వెనక నిలబడాలి, మధ్యలో పుట్టే చిన్న మాబ్స్‌ని చూసుకోవాలి. మొదటి ట్యాంక్ పడిపోతే అప్పుడు ప్రొవోక్. బాస్‌ని వదిలేయాలనుకున్న ట్యాంక్ షర్క్ వేస్తే తన త్రెట్‌లో 25 శాతం పట్టుకోబోయేవాళ్ళకి వెళ్తుంది.

మనుషుల ముందు సిగ్గుపడకుండా ఎక్కడ నేర్చుకోవాలి?

వార్‌క్రాఫ్ట్‌లో 2024 జనవరిలో 10.2.5 ప్యాచ్‌తో ఫాలోవర్ డంజన్లు వచ్చాయి, మిగతా నలుగురినీ కంప్యూటరే ఆడుతుంది. ఫైనల్ ఫాంటసీలో డ్యూటీ సపోర్ట్ అలాంటిదే. అక్కడ ఒక పని పెట్టుకోండి: ప్రతి ప్యాక్‌లోనూ మంత్రగాళ్ళతో సహా అన్నీ ఒకే ఏరియా దెబ్బలో పడేలా పేర్చడం. ఎంతసేపు పట్టినా అడిగేవాళ్ళుండరు. గోడ చాటు పుల్ చేయి తిరిగేదాకా అక్కడే ఉండండి.

ఆ తర్వాత మనుషులతో మొదలుపెట్టేవాళ్ళకి వేళ కూడా చెప్తాం. ఫైనల్ ఫాంటసీ రోజువారీ రౌలెట్లు (ఏ డంజన్ వస్తుందో ముందు తెలియని క్యూలు) మన టైములో రాత్రి 8:30కి, వారపు పరిమితులు మంగళవారం మధ్యాహ్నం 1:30కి కొత్తవవుతాయి. రాత్రి 8:30 దాటాక ఎక్కువమంది రోజువారీ రౌలెట్ల కోసం వస్తారు, ట్యాంక్ కోసం ఎదురుచూసే పార్టీలూ ఎక్కువ. చేరగానే "ట్యాంక్‌కి కొత్త, ఒక్కో ప్యాక్ లాగుతాను" అని ఒక వాక్యం టైప్ చేయండి.